ఉప్పు పోషించిన పొర

ఎఱ్ఱమల కొండలను నిలువున చీల్చుకొని పెన్న ప్రవహించు గండికోట లోయను చూడవచ్చువారు కోటలోని జుమ్మా మసీదును, మాధవరాయ రంగనాథాలయములను, ధాన్యాగారమును చూచి, లోయ యంచున కొంతసేపు నిలిచి, ప్రొద్దు వ్రాలునప్పటికి జమ్మలమడుగునకు మరలిపోవుదురే గాని, కోటకు దిగువ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోయిలకుంట్ల ప్రాంతముల నల్లరేగడి భూములలో అచ్చటచ్చట తెల్లని పూత పూచి కానవచ్చు చవుటి పఱ్ఱలవంక కన్నెత్తియైనను చూడరు. చరిత్రకారులు సయితము రాతిగోడలకిచ్చిన మన్నన ఈ మన్నునకీయలేదు. కాని ఉదజనిని ఇంధనముగా గొని విద్యుత్తును పుట్టించు ఇంధన ఘటమునకు, అనగా నేడందఱు ఫ్యూయల్ సెల్ అనుదానికి, ప్రాణభూతమైన అయానువాహక పాలిమర్ పొర యొక్క పూర్వకథ మన్నుతోను ఉప్పుతోను ముడివడియున్నది. ఆ పొర రాయలసీమకు వచ్చిన త్రోవయు ఉప్పు త్రోవయే. ఇంధనముకొఱకు పుట్టిన దానిని ఉప్పు పెంచి పెద్దచేసినది. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఆ సంగతియే.

కోటకును ఉప్పులకును గల సంబంధము మొదట మందుగుండుతో నేర్పడినది. గోలకొండ పాదుషా పక్షమున మీర్ జుమ్లా 1650లో గండికోటను స్వాధీనపఱచుకొనెను. 1652లో నతనికి ముత్యములు చూపవచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, అచ్చట తన దేశీయుడొకడు దేవాలయములనుండి తెచ్చిన రాగివిగ్రహములను కరగించి ఫిరంగులు పోతపోయు ప్రయత్నములో నుండుటను చూచి వ్రాసిపెట్టినాడు. ఫిరంగి యెంత గొప్పదైనను సూరేకారము లేనిదే మూగది. దక్షిణదేశమున సూరేకారమును తీయు విధానము, చవుటినుండి ఉప్పు తీయు విధానము ఒక్కటే: ఉప్పిలిన మన్నును గోకి తెచ్చుట, దానిపై నీరు పోసి వడగట్టుట, ఆ ఊటను ఎండకో మంటకో ఇంకించుట. పాదుషాలు, నాయకులు, నవాబులు మాఱిరి. ఈ పని మాఱలేదు.

దత్తమండలములనబడిన ఈ సీమలో ఈ పని ఉప్పరవారిది. వారు పనిచేయు దిబ్బలను మోడలనెడివారు. ఏటికేడు వడగట్టిన మన్నే క్రిందబడి క్రమముగా గుట్టయై పెరుగగా, దానిమీదనే మఱుసటి యేటి పని సాగెడిది. వేసవిలో పఱ్ఱమీద పేరిన తెల్లని పొరను గోకి, గాడిదలమీదనో తట్టలతోనో మోడమీదికి చేర్చి, అడుగున గడ్డియు కంపయు పఱచిన గుంటలో నింపి, పైనుండి నీరు పోసెడివారు. నీరు మన్నులోనుండి మెల్లగా దిగుచు, మన్నులోని ఉప్పును తనతో తెచ్చుకొని, అడుగునున్న త్రోవగుండ తొట్టిలోనికి ఊరెడిది. గోధుమవన్నె గల ఆ ఊటను సున్నము పూసిన వెడల్పాటి మడులలో పలుచగా నిలుపగా, కొన్ని దినముల యెండకు ఉప్పు పేరెడిది. అది సముద్రపుటుప్పువలె స్వచ్ఛమైనది కాదు; సోడియం సల్ఫేటు, మెగ్నీషియం లవణములు కలిసి కొంచెము చేదుగా నుండెడిది. అయినను కోస్తానుండి బండ్లమీద ఉప్పు వచ్చుట దుర్లభమైన ఈ యెగువ తాలూకాలలో పేదవాని సంగటికి అదియే రుచి. మద్రాసు ప్రభుత్వము 1805లో ఉప్పును తన గుత్తకు దెచ్చుకొన్న తరువాతకూడ ఈ చవుటియుప్పు చాలకాలము ఎట్లో నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున దానిని పూర్తిగా అణచివేసిరి. మోడలు పాడుపడెను, ఉప్పరవారికి చెఱువుల త్రవ్వకము, కట్టల మట్టిపని మాత్రమే మిగిలెను. ఉప్పు సత్యాగ్రహమును గూర్చి ఇన్ని గ్రంథములు వెలువడినవి గాని, సముద్రము కానరాని సీమలో ఈ వృత్తి ఎట్లు నశించెనో చెప్పినవారు అరుదు.

ఉప్పరి చేసినదంతయు రసాయనశాస్త్రమే. కాని అందొక సూక్ష్మమున్నది. మన్నులోనుండి ఉప్పు నీటితో దిగివచ్చునప్పుడు అంతయు దిగిరాదు; కొంత మన్ను పట్టియుంచును, పట్టియుంచినదానికి బదులు మఱియొకదానిని విడుచును. ఇంగ్లండులో యార్క్‌షైరు భూస్వామియగు థాంప్సన్ అమోనియా ఎరువును మన్నుగుండ వడగట్టి చూడగా అడుగున అమోనియాకు బదులు సున్నపు లవణము దిగివచ్చినది. థామస్ వే యను రసాయనవేత్త ఆ విషయమును విపులముగా పరిశోధించెను. 1850లో ఈ పరిశోధనలు ప్రకటితములైనవి. మన్నులోని బంకకణములు ఋణవిద్యుత్తును ధరించి, సోడియం, కాల్షియం, అమోనియం వంటి ధనాయానులను తమ చుట్టు పట్టియుంచుననియు, ఒకదానినిచ్చి మఱియొకదానిని పుచ్చుకొనుననియు క్రమముగా తేలినది. రేగడిలో ఈ శక్తి మెండు. కర్నూలు–కడప కాలువ వంటి నీటివసతి వచ్చిన చోట్ల మురుగు పోవు దారిలేని రేగడి చవుడు తేలుటకును, చవుడు తేలిన చేనికి జిప్సము చల్లుడని వ్యవసాయాధికారులు చెప్పుటకును మూలమిదే: జిప్సములోని కాల్షియం వచ్చి బంకమన్నును పట్టుకొన్న సోడియమును త్రోసివేయును, దానిని నీరు కడిగికొనిపోవును. మైదుకూరు రైతు జిప్సము చల్లునప్పుడు చేయునదియు, శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేయునదియు మౌలికముగా అయానుల మార్పిడియే.

మన్ను చేయు ఈ పనిని మనుష్యుడు కల్పించిన పదార్థముచేత చేయింపవచ్చునని 1935లో ఇంగ్లండునకు చెందిన ఆడమ్స్, హోమ్స్ నిరూపించిరి. ఫినాల్, ఫార్మాల్డిహైడులతో చేసిన రెసిన్లు వారివి. 1944లో అమెరికాలో డి’అలేలియో పాలిస్టైరీనుకు గంధకామ్లపు గుణమిచ్చి మఱింత మేలైన రెసిన్ చేయుటకు పేటెంటు పొందెను. గింజలుగా నున్న రెసిన్‌ను పలుచని పొరగా చేసినచో అది ధనాయానులను మాత్రము తనగుండ పోనిచ్చి, ఋణాయానులను నిలిపివేయు గోడ కాగలదని 1950 ప్రాంతమున తేలిపోయెను. ఇట్లు ఉప్పరి గుంటలోని మన్ను వంద సంవత్సరములలో పొరయైనది.

ఇంధన ఘటము కథ దీనికంటె ముందు, వేఱుగా నడచినది. విలియం గ్రోవ్ అను వేల్సు దేశపు న్యాయవాది 1839లో, గంధకామ్లము కలిపిన నీటిలో ప్లాటినపు రేకులనుంచి, ఒకదానిని ఉదజనికి, మఱియొకదానిని ఆమ్లజనికి తగులునట్లు చేసి, వాటి నడుమ విద్యుత్తు పుట్టుటను చూపెను. 1842లో దానికి వాయుఘటమని పేరిడెను. ఉదజని పరమాణువు ఒక రేకువద్ద ప్రోటానుగాను ఎలక్ట్రానుగాను విడిపోవును. ఎలక్ట్రాను బయటి తీగవెంట పోయి దీపము వెలిగించును. ప్రోటాను ఆమ్లముగుండ అవతలి రేకును చేరి, ఆమ్లజనితో కూడి నీరగును. ప్రోటాను నీటిలో ఎట్లు నడచునో గ్రోటస్ అను యువకుడు 1806లోనే ఊహించియుండెను. అది తానే ఆ చివరనుండి ఈ చివరకు ఈదుకొని రానక్కఱలేదు. చెఱువు పూడిక తీయునప్పుడు వరుసగా నిలిచిన కూలీల చేతులమీదుగా మట్టితట్ట కట్టమీదికి పోవును గాని మనిషి కదలడు గదా, అట్లే ఒక నీటియణువు తన ప్రోటానును ప్రక్కదానికిచ్చును, అది మఱియొకదానికిచ్చును. కనుకనే ప్రోటాను తక్కిన అయానులకంటె వేగముగా పోగలుగుచున్నది.

గ్రోవ్ ఘటమున కష్టమంతయు ఆ ద్రవామ్లమే. తొణికిన ఒలుకును, లోహములను తినును. అమెరికాలో షెనెక్టడీ పట్టణమున జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండిన టామస్ గ్రబ్ 1955లో ద్రవామ్లమును తీసివేసి, దాని స్థానమున అయాను మార్పిడి పొరను పెట్టవచ్చునని కనుగొనెను. కొలది సంవత్సరములకే అతని సహచరుడు లియొనార్డ్ నీడ్రాక్ ఆ పొరమీద ప్లాటినమును అతికించు ఉపాయము కనిపెట్టెను. గంధకామ్లమిప్పుడు పొరకే కట్టుబడియున్నది; ఒలుకుటకు వీలులేదు. 1965 ఆగష్టులో ఎనిమిది దినములు భూమిని చుట్టిన జెమిని 5 వ్యోమనౌకకు విద్యుత్తునిచ్చినది ఇట్టి పొరలే. కాని ఆ పాలిస్టైరీను పొర అల్పాయువు. ఘటములో నడుమ పుట్టు పెరాక్సైడు దాని కర్బన–ఉదజని బంధములను కొఱికివేసెడిది. పొర పలుచబడి చిల్లులు పడెడిది. పొరనుండి రాలిన పదార్థము ఘటములో పుట్టిన నీటిలో కలిసి, ఆ నీటిని త్రాగుటకు పనికిరాకుండ చేసెడిది. చంద్రునివద్దకు పోయిన అపోలో నౌకలకు పొరను విడిచి క్షారఘటముల నెన్నుకొనిరి.

అప్పుడు డ్యూపాంట్ సంస్థలో వాల్తర్ గ్రాట్ అను శాస్త్రజ్ఞుడు టెఫ్లాన్‌ను పట్టుకొనెను. దేనికిని లొంగని టెఫ్లాన్ గొలుసుకు ప్రక్కకొమ్మలు తగిలించి, ఒక్కొక్క కొమ్మ చివర ఒక సల్ఫోనిక్ ఆమ్లపు కొసనుంచిన పదార్థమది. నీటిని వెఱచు గొలుసులు ఒకవైపు గుమిగూడగా, నీటిని కోరు ఆమ్లపు కొసలు వేఱుగా గుమిగూడి, పొర తడిసినప్పుడు లోలోపల సన్నని నీటిత్రోవ లేర్పడును. ప్రోటానులు పోవునది ఆ త్రోవలవెంటనే. దీనికి నాఫియాన్ అని పేరు పెట్టిరి. ప్రయోగశాలలో తఱచుగా వాడు రకము అంగుళములో వేయింట ఏడు వంతుల మందము గలది. దానిని పనికి సిద్ధపఱచు తీరు చూడవలసినదే: గంటసేపు నూటికి మూడుపాళ్ల హైడ్రోజన్ పెరాక్సైడు ద్రవమున మరగించి, నీటిలో మరగించి, పలుచని గంధకామ్లమున మరగించి, మఱల నీటిలో మరగింతురు. మొదట పసుపువన్నెగా నున్న పొర ఈ స్నానములతో తేటపడి, కొంచెము సాగి, మెత్తనై, అద్దమువలె చేతికి వచ్చును. ఆరనిచ్చినచో ముడుచుకొని పనికిరాదు. నీటిని ప్రాణముగా గలిగిన ఈ పొరకు నూరు డిగ్రీల వేడి దరిదాపులకు వచ్చినకొలది నీరు హరించి వాహకత పడిపోవును. ఈ లోపము నేటికిని దానిని వెంటాడుచున్నది.

ఇంత మంచి పొరను కొనువారెవరు? అంతరిక్షనౌకలు ఏటికి ఎన్ని పోవును? నాఫియానును బ్రతికించినది ఉప్పు. ఉప్పునీటిని విద్యుత్తుతో విశ్లేషించి కాస్టిక్ సోడాను, క్లోరిన్‌ను తీయు పరిశ్రమ 1890 దశకమునుండి పాదరసముమీద నడచుచుండెను. రాతినార తెరలతో నడచునది మఱియొక పద్ధతి. జపానులో మినమాట సముద్రతీరమున పాదరసపు విషముచేత జనులు పడిన యాతనను లోకము చూచిన తరువాత ఆ దేశము ఆ లోహమును విడువదలచెను. 1975లో అసాహీ కెమికల్ సంస్థ నొబెయోకాలో పొరతో నడచు కర్మాగారమును స్థాపించెను. పొరకు ఒకవైపు ఉప్పునీరు, మఱియొకవైపు పలుచని కాస్టిక్ ద్రవము. సోడియం అయానులు పొరగుండ దాటును, క్లోరైడు ఇవతలనే యుండి క్లోరిన్ వాయువగును, అవతల పుట్టిన హైడ్రాక్సైడు వెనుకకు రాకుండుటకై పొర యొక్క ఆ ముఖమున కార్బాక్సిల్ కొసలు గల మఱియొక పలుచని పొరను జోడింతురు. ఇంధన ఘటమునకును దీనికిని పొర ఒక్క కుటుంబమునదే. ఒకచోట విద్యుత్తునిచ్చును, మఱియొకచోట పుచ్చుకొనును. భారతదేశమున ఈ పద్ధతి 1980 దశకమున ప్రవేశించెను. 2003లో పరిశ్రమలు ప్రభుత్వముతో చేసికొన్న పర్యావరణ ఒడంబడిక 2012నాటికి పాదరసపు ఘటములను తొలగింపవలెనని గడువు పెట్టెను.

రాయలసీమకు పొర వచ్చినది ఈ త్రోవలోనే. 1981లో శ్రీ రాయలసీమ ఆల్కలీస్ పేరుతో ఏర్పడిన సంస్థ తుంగభద్రాతీరపు కర్నూలునకు చేరువ గొందిపర్లవద్ద కాస్టిక్ సోడాను, కాస్టిక్ పొటాషును పొర పద్ధతిని తీయుచున్నది. ఉప్పరవారి మోడలు చల్లారి నూఱేండ్లు కావచ్చుచున్న కాలమున, ఉప్పు పండని ఊరిలో, తీరమునుండి తెచ్చిన ఉప్పుతో ఒక క్షారకర్మాగారము లేచుట చరిత్ర చేసిన వింతయే. మోడమీది ఉప్పరికి చేదు తగిలిన మెగ్నీషియం, సల్ఫేటులే ఇచ్చట శత్రువులు. కాల్షియం, మెగ్నీషియం నూఱుకోట్ల పాళ్లలో ఇరువది పాళ్లను మించినచో పొరలోపల హైడ్రాక్సైడులై పేరుకొని దానిని గ్రుడ్డిదానిని చేయును. కావున ఉప్పునీటిని మొదట సోడాతోను కాస్టిక్‌తోను తేర్చి, పిదప అయాను మార్పిడి రెసిన్ గుండ వడగట్టుదురు. అనగా థాంప్సన్ మన్ను చేసిన పనినే రెసిన్ చేసి, ఆ రెసిన్‌కు తోబుట్టువైన పొరను కాపాడుచున్నది. సల్ఫేటును తీయుటకు ఈ పరిశ్రమలో బేరియం లవణములను వాడుట కలదు. బేరియమునకు మూలము ముగ్గురాయి, ఆ ముగ్గురాయికి ప్రపంచప్రసిద్ధమైన గని గండికోటకు ఆగ్నేయమున మంగంపేటలో నున్నది. తన గడ్డలో ఏమున్నదో తెలియని సీమ యని రాయలసీమపై జాలిపడువారు ఈ లెక్కలను ఒకమాఱు చూచిన మేలు.

పొరను వాడుట వేఱు, చేయుట వేఱు. తెలుగునేలమీద చేయుటకు పూనుకొన్నది హైదరాబాదు. 1944లో హైదరాబాదు రాజ్యపు ప్రయోగశాలగా మొదలై, నేడు భారత రసాయన సాంకేతిక సంస్థగా తార్నాకలో వెలసియున్న శాలలో స్మిత, శ్రీధర్, ఖాన్ అను పరిశోధకులు ఇంధన ఘటపు పొరలనుగూర్చి 2003నుండి వరుసగా పత్రములు ప్రకటించిరి. నాఫియాను ఖరీదైనది, మిథనాలును ఇంధనముగా వాడినప్పుడు అది పొరగుండ అవతలికి జారిపోవును. ఈ రెంటికిని విఱుగుడుగా వారు చూచినవానిలో కైటోసాన్ ఒకటి. రొయ్యల, పీతల పెంకులనుండి తీయు ఈ పదార్థమును పాలిఅక్రిలిక్ ఆమ్లముతోను, ఆల్జినేటుతోను జోడించి పొరలు చేసిరి. విడిగా నున్నప్పుడు నీటిలో నానిపోవునట్టి రెండు పాలిమర్లు, ఒకటి ధనము ఒకటి ఋణమగుటచేత, ఒకదానినొకటి బిగించి పట్టుకొని గట్టిపడును; మిథనాలు పోవు సందు తగ్గును. 2005లో ఈ మువ్వురు ఘనపాలిమర్ పొరలపై వెలువరించిన సమీక్షను దేశదేశముల పరిశోధకులు నేటికిని ఉదాహరించుచునే యున్నారు. అయినను ఇట్టి పొర ప్రయోగశాలనుండి బజారునకు వచ్చుట సులభము కాదు. ఇరువదివేల గంటలు ఆమ్లమునను వేడిమియందును నిలువవలసిన పదార్థము నూరు గంటల పరీక్షలో నెగ్గినంతమాత్రమున నాఫియానుకు పోటీ కాజాలదు. ఆ దూరము దాటుటకు ఓర్పుతోపాటు కర్మాగారమును, కొనువాడును కావలెను. ఇటు కడపలో యోగివేమన విశ్వవిద్యాలయమున సూర్యకాంతిచే నీటినుండి ఉదజనిని విడదీయు ఉత్ప్రేరకములపై పని జరుగుచున్నది. అది ఇదే గొలుసులో మఱియొక కొస.

ఇక గండికోట మాట. కోటక్రింది లోయకు ఎగువ గాలేరు–నగరి పథకములో కట్టిన జలాశయము ఇరువదియాఱు టి.ఎం.సి.లకు పైగా నీటిని పట్టును. తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు దాని గర్భమున కలిసినవి. దాని సమీపమున 1,000 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజి విద్యుత్కేంద్రమునకు 2022లో రాష్ట్రప్రభుత్వము అనుమతించెను. పగటి సౌరవిద్యుత్తుతో నీటిని పైకెక్కించి, రాత్రి క్రిందికి విడిచి విద్యుత్తును మఱల పుచ్చుకొనుట దాని తంత్రము. ఆ పగటి విద్యుత్తుతోనే పొరఘటములలో నీటిని విడదీసి ఉదజనిగా దాచి, రాత్రి ఇంధన ఘటములలో మఱల విద్యుత్తుగా మార్చవచ్చును గదా యని 2023లో రాష్ట్రము హరిత ఉదజని విధానము ప్రకటించిన తరువాత పలువురు అడుగుచున్నారు. మార్చవచ్చును. కాని కొండ యెక్కి దిగిన నీరు తనకిచ్చినదానిలో నూటికి డెబ్బదియైదు పాళ్లకు తక్కువ కాకుండ తిరిగి యిచ్చుచుండగా, ఉదజనిగా మారి మఱల విద్యుత్తయినది మూడవ వంతునకు కొంచెము మించి మాత్రమే యిచ్చును. గండికోటలో ఇంజనీర్లు నీటినెన్నుకొనుట సరియైన నిర్ణయమేయని నా యభిప్రాయము. పొరమీది ప్రీతిచేత లెక్కను మఱువరాదు.

పొరకు ఈ సీమలో ఇంధనవృత్తి దొరకవలసియున్నచో అది కర్నూలులో దొరకవలెను. ఒక టన్ను కాస్టిక్ సోడాతో ఇరువదియైదు కిలోల ఉదజని అడుగకయే పుట్టును. బెల్జియములో ఆంట్వెర్ప్ సమీపమున సోల్వే సంస్థ క్లోరిన్ కర్మాగారమునందు ఇట్టి ఉదజనితో నడచు ఒక మెగావాటు పాలిమర్‌పొర ఇంధన ఘటములను నెలకొల్పిరి. చైనాలో యింగ్‌కో పట్టణమున 2016లో రెండు మెగావాట్లవి నెలకొల్పిరి. అచ్చట ఉప్పునీటికి పెట్టిన విద్యుత్తులో కొంత, కర్మాగారపు ఆవరణములోనే, దూరప్రయాణము లేకుండ తిరిగి చేతికి వచ్చినది. ప్రత్యేకముగా ఉదజనిని చేయు ఖర్చు లేదు గనుక మూడవ వంతు బాధయు లేదు. గొందిపర్ల కర్మాగారము ఆముదపు ఉత్పత్తులనుకూడ చేయుచున్నది, ఆముదమును గట్టిపఱచుటకు ఉదజని కావలెను. ఆముదము పండు మెట్టసీమలో ఆ వాయువునకు దొరికిన ఈ పనియు తక్కువది కాదు; కిలో ఉదజని గట్టిపడిన ఆముదముగా ఎంత ధర తెచ్చును, యూనిట్ల విద్యుత్తుగా ఎంత తెచ్చునను లెక్కయే అచ్చట పొర భవిష్యత్తును నిర్ణయించును. నేటి పొరల ఖరీదులో ఆ లెక్క ఆముదమువైపే మ్రొగ్గుచున్నదని నేననుకొందును.